ఓడలో వచ్చిన పత్తి

స్పిన్నింగ్ మిల్లు అనగానే చాలామందికి మిషన్ల మోత గుర్తొస్తుంది. నాకు తెలుపు గుర్తొస్తుంది.

చిలకలూరిపేట దాటాక హైవే పక్కన మా మిల్లు. షెడ్డులో అడుగుపెడితే గాలిలో దూది నూగు తేలుతూ ఉండేది. దారం తెగకుండా పైనుంచి సన్నటి నీటి తుంపర చల్లేవారు. ఆ తుంపర, ఆ నూగు, పైకప్పు అద్దాల్లోంచి దిగే వెలుతురు కలిసిపోయి, మార్గశిర మాసపు పొద్దున మంచులో నడుస్తున్నట్టుండేది. కదుళ్ళు తిరిగే హోరు కాసేపటికి చెవికి వినపడటం మానేసి ఒంటికి తెలిసేది. ఇంటికెళ్ళి పడుకున్నాక కూడా ఒళ్ళు సన్నగా ఊగుతున్నట్టే ఉండేది.

నా పేరు నాగరత్నం. ఆ మిల్లు ల్యాబులో చిన్న ఉద్యోగంలో చేరి, కొనే పత్తి నాణ్యత చూసే మేనేజరుగా రిటైరయ్యాను. ప్రమోషన్ల కథ రాయను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి అది పనికిరాదు. పనికొచ్చేది ఒకటుంది. పత్తి మీద దిగుమతి సుంకం వేశారనో, ఎత్తేశారనో టీవీలో ఒక వార్త వస్తుంది. మీరు ఛానల్ మార్చేస్తారు. ఆ వార్త ఏ ఇంట్లోకి ఎలా నడిచి వెళ్తుందో నేను దగ్గరుండి చూశాను. అది చెబుతాను.

చేతిలో పింజ

మా పని చాలావరకు చేతుల్లోనే ఉండేది. బేలులోంచి గుప్పెడు దూది తీసి, రెండు బొటనవేళ్ళతో లాగుతూ, పోగులన్నీ ఒక వైపుకి సర్దితే పింజ పొడవు, అంటే ఒక్కో పోగు ఎంత పొడవో, తెలుస్తుంది. ఇప్పుడు మిషనే చెప్పేస్తుంది. అయినా నేను చేత్తో చూడటం మానలేదు. దూది చేతిలో ఉన్నంతసేపు మనసు నెమ్మదిగా ఉండేది.

పింజ పొడవైతే సన్న నూలు వస్తుంది. దాంతో పల్చటి చీరలు, మెత్తటి చొక్కాలు. పింజ పొట్టిదైతే ముతక నూలు, దాంతో తువ్వాళ్ళు, దుప్పట్లు. మన పల్నాడు నల్లరేగడిలో పండేది మధ్యరకం పత్తి. మంచి పత్తే. కానీ మా మిల్లు బతికేది సన్న నూలు మీద. దానికి కావలసినంత పొడవు పింజ ఇక్కడ దొరకదు. అది ఓడలో చెన్నై రేవుకి వచ్చి, అక్కడినుంచి లారీలో మా గేటు దాకా రావాలి.

మన బేళ్ళు విప్పితే మనుషులు కనపడేవాళ్ళు. ఎరువు సంచుల దారాలు, తల వెంట్రుకలు, బీడీ ముక్కలు. ఒకసారి ఎర్ర రిబ్బను, ఒకసారి చిన్న నెమలీక. ఏ చేలో ఏ ఆడపిల్ల జడలోంచి జారిందో అనుకుంటూ ఆ రిబ్బను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఓడ పత్తిలో మనుషుల జాడ ఉండేది కాదు. అక్కడ మిషన్లే తీస్తాయి. ఎండిపోయిన ఆకు పొడి మాత్రం ఉండేది. నలిపితే తెలియని వాసన. ఆ దేశంలో పత్తి చేల మీద పొద్దు ఎలా వాలుతుందో అని ఊహించుకుంటూ ఉంటే మా జనరల్ మేనేజరు రంగనాయకులు గారు వెనకనుంచి, "రత్నం గారూ, ఇవాళ ఏ దేశంలో ఉన్నారు?" అనేవారు.

ఆయన షెడ్డులోకి వస్తే మాట్లాడేవారు కాదు. మిషను మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడేవారు. జేబులో ఎప్పుడూ వేయించిన వేరుశనగ గుళ్ళు ఉండేవి. ఆయన దగ్గర నేర్చుకున్నవి రెండు. ఒకటి ఆయన చేసిన తప్పు. రెండోది ఆయన చేసిన ఒప్పు.

సుంకం పడింది

అంతవరకు ఓడ పత్తి మీద సుంకం లేదు. ఒక బడ్జెట్ రోజున వేశారు. అంటే ఓడ రేవులో ఆగగానే పత్తి విలువను బట్టి ఇంత అని ప్రభుత్వానికి కట్టాలి. కట్టాకే సరుకు కదులుతుంది. ఇది ఎందుకంటే, బయటి పత్తి ఖరీదైతే మిల్లులు మన పత్తి వైపు తిరుగుతాయి, అప్పుడు మన రైతుకి ధర వస్తుంది. అందులో న్యాయం ఉంది. రైతు ఇంట్లో పుట్టినదాన్ని, నేను కాదనలేను.

చిక్కు మా ఒప్పందంతో వచ్చింది. కోయంబత్తూరు వైపు చొక్కాల గుడ్డ నేసే కంపెనీ ఒకటి మా సన్న నూలు కొనేది. ధర ముందే మాట్లాడుకున్నాం. సుంకం పడింది, పెంచండి అంటే వాళ్ళు నవ్వారు. వియత్నాం నుంచి నూలే తెప్పించుకుంటాం, అక్కడి మిల్లులకి ఈ సుంకం బాధ లేదుగా అన్నారు.

రంగనాయకులు గారు నన్ను పిలిచి, "ఓడ పత్తి తగ్గించి మన పత్తి కలుపుదాం. ఎందాకా కలపొచ్చో చూసి చెప్పండి," అన్నారు.

చూసి చెప్పాను. "సార్, ఇంతకు మించి కలిపితే దారం నిలవదు."

ఆయన గుళ్ళు నములుతూ కిటికీలోంచి బయటికి చూశారు. "అంతే కలిపితే గిట్టదు రత్నం గారూ. ఇంకాస్త కలుపుదాం. మిషన్లు సర్దుకుంటాయి."

మిషన్లు సర్దుకోలేదు. సర్దుకోవలసి వచ్చింది కోటేశ్వరమ్మ.

కోటేశ్వరమ్మది కోటప్పకొండ కింద పల్లె. భర్త కంకర టిప్పరు నడిపేవాడు. రోజూ మిల్లు బస్సులో వచ్చి, దారం వడికే రింగ్ ఫ్రేముల మీద పనిచేసేది. తెగిన దారాన్ని రెండు వేళ్ళతో అతకటం ఆమె పని. బారుగా నిలబడ్డ ఫ్రేముల మధ్య ఆ తుంపరలో ఆమె నడుస్తుంటే నడుస్తున్నట్టుండేది కాదు, ఏటిలో పడవ పోతున్నట్టుండేది. కొత్త మిశ్రమం పెట్టాక ఆ నడక పరుగైంది. ఒక మధ్యాహ్నం జుట్టునిండా నూగుతో నా ల్యాబుకే వచ్చేసింది.

"మేడమ్ గారూ, ఏంది ఈ పత్తి? ఇటు అతికితే అటు తెగతంది. నీళ్ళు తాగే యాళ లేదు."

"కొంచెం ఓపిక పట్టు కోటేశ్వరమ్మా."

"నాకు ఓపికుందండీ. దారానికే లేదు."

పైకెళ్ళి ఆ మాట ఉన్నదున్నట్టు రంగనాయకులు గారికి చెప్పాను. ఆయన షెడ్డులోకి వచ్చి ఎప్పటిలాగే మిషను మీద చెయ్యి పెట్టారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. కానీ అప్పటికే సరుకు వెళ్ళిపోయింది. కోయంబత్తూరు వాళ్ళు నూలు వెనక్కి పంపారు. మళ్ళీ ఆర్డరు పెట్టలేదు. ఇంకో ఖాతాదారుణ్ణి వెతికేలోపు సన్న నూలు షెడ్డు ఆపేశారు.

ఆగిపోయిన షెడ్డు ఎలా ఉంటుందో మీరు చూడకూడదు. తేలే నూగంతా నెమ్మదిగా నేలకి దిగుతుంది. ఫ్రేముల మీద, కిటికీ చువ్వల మీద, మర్చిపోయిన ఒక చెప్పు మీద తెల్లగా పరుచుకుంటుంది. కలలో చూసిన ఊరులా ఉంటుంది. పిలిస్తే ఎవరూ పలకరు.

వెళ్ళిపోయే రోజు కోటేశ్వరమ్మ క్యారేజీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"పన్ను దేని మీద ఏశారు మేడమ్?"

"ఓడలో వచ్చే పత్తి మీద."

"మరి నేనెందుకు ఇంటికి పోతన్నా?"

చెప్పాను. ఆర్డరు సంగతి, వియత్నాం సంగతి, మిశ్రమం సంగతి. ఆమె పూర్తిగా విని, "మిరప కోతలకి పోతాలెండి," అని బస్సెక్కింది.

రంగనాయకులు గారి తప్పు ఏమిటంటే, సుంకం భారాన్ని ఎవరి కంటా పడకుండా దారంలో దాచేద్దామనుకున్నారు. అది దాగదు. ఎక్కడో ఒకచోట తెగుతుంది. ధర పెంచి సగం ఆర్డరన్నా నిలుపుకోమని ఆయనతో గట్టిగా వాదించినవాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరు. మీరు వాదించండి.

దుర్గిలో పండగ

అదే ఏడు మా అన్న సాంబయ్య ఇంటికి వెళ్ళాను. దుర్గి పక్కన పల్లె. నల్లరేగడి పొలం, వానే ఆధారం. పత్తి తప్ప వేరే పెట్టడు. ఆ ఏడు ధర బాగా పలికింది. సుంకం ఒక్కటే కారణం కాదు, ప్రపంచమంతా పత్తి ధర మండిపోయింది. కానీ మా అన్న దృష్టిలో అంతా సుంకమే. ఇంటి మీద రేకులు తీసేసి స్లాబు పోయించాడు. వదిన గోంగూర, నాటుకోడి వండింది.

"ఆ సుంకం ఎవురేశారోగానీ, వాడి కడుపు సల్లగుండాల," అన్నాడు అన్న. "ఇన్నేళ్ళకి పత్తి పండించినోడు మనిషిలా కనపడ్డాడే."

ఆయన ముఖంలో అంత వెలుగు మా నాన్న పోయాక నేను చూడలేదు. కొత్త స్లాబు మీదకి తీసుకెళ్ళి చేను చూపించాడు. సాయంత్రపు ఎండలో విచ్చిన పత్తి దూరందాకా, మబ్బు నేలకి దిగి అలసి పడుకున్నట్టుంది. కోటేశ్వరమ్మ మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఒకరి పండగ రోజున ఇంకొకరి కష్టం చెప్పటం మర్యాద కాదనిపించింది.

కొట్టులో మాట

సుంకం ఎవరు కడతారని కొత్త పిల్లలు అడుగుతుంటారు. రేవులో కట్టేది మిల్లు. తరవాత అది తలా కాస్త పంచుకుంటారు. మిల్లు లాభంలో కాస్త, కోటేశ్వరమ్మ కూలిలో కాస్త, చొక్కా కొనే మనిషి జేబులోంచి కాస్త. ఎవరి చేతిలో బలం తక్కువుందో వాళ్ళ వాటా పెద్దదవుతుంది. నా అనుభవంలో తేలింది ఇదే.

ఆ రోజుల్లో నరసరావుపేటలో తువ్వాళ్ళు కొనబోతే వాటి ధర కూడా పెరిగింది. "తువ్వాలుకి ఓడ పత్తి వాడరు కదయ్యా," అన్నాను.

"లోపలి పత్తి కూడా పెరిగింది గదమ్మా," అన్నాడు కొట్టాయన. అది నిజం. సుంకం పడ్డది ఒక పత్తి మీదైనా రెండో పత్తి దాని చెయ్యి పట్టుకుని పైకెక్కుతుంది.

తరవాత సుంకం తీసేశాక మళ్ళీ అదే కొట్టుకెళ్ళాను. ధర మారలేదు. అడిగితే ఆయన నవ్వాడు. "పెరిగిన కబురు ఫోనులో వస్తదమ్మా. తగ్గిన కబురు నడిచొస్తది. పాత సరుకు అమ్ముడు పోవద్దా?"

సుంకం ఎత్తేశారు

నా ఉద్యోగం చివరి రోజుల్లో గాలి తిరిగింది. అమెరికావాళ్ళు మన బట్టల మీద పెద్ద సుంకం వేశారు. ఇక్కడ బట్టలు కుట్టే కంపెనీలు కుదేలయ్యాయి. వాటికి ఊరటగా మన ప్రభుత్వం పత్తి మీద దిగుమతి సుంకం కొన్నాళ్ళపాటు ఎత్తేసింది. ఆ వార్త వచ్చేటప్పటికి మా అన్న చేలో పత్తి ఇంకా పూత మీద ఉంది.

ఈసారి మా మిల్లు పొడవు పింజతో ఆగలేదు. మధ్యరకం పత్తి కూడా ఓడల్లోనే చవగ్గా, చెత్త తక్కువగా దొరుకుతోంది. నెలలకి సరిపడా బుక్ చేశారు. ధర కలిసొచ్చి సన్న నూలుకి మళ్ళీ ఆర్డర్లు దొరికాయి, ఆగిన షెడ్డు తుడిచారు. తుంపర మళ్ళీ మొదలైంది. కోటేశ్వరమ్మకి కబురు వెళ్ళింది. మొదటి రోజు ఆమె ఫ్రేముల మధ్య ఆ చివరినుంచి ఈ చివరికి ఊరికే ఒకసారి నడిచింది. ఏ దారమూ తెగలేదు.

రంగనాయకులు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, "వచ్చే పంటలో మనం కొనబోయేది దాదాపు ఏమీ లేదు. ఈ మాట గేటు దాటకూడదు," అన్నారు. ఏ మిల్లయినా అదే చెబుతుంది, రైతు సరుకు ఆపుకుని కూర్చుంటేనే తరవాత చవగ్గా కొనొచ్చు.

పత్తి తీతలు ఊపులో ఉండగా అన్న రమ్మన్నాడు. వెళితే ముందు గది తలుపు తెరుచుకోలేదు. లోపల స్లాబుదాకా పత్తే. పక్క సందులోంచి లోపలికి వెళ్ళాను. కిటికీ సగం పూడిపోయి, మిగిలిన సగంలోంచి వచ్చే వెలుతురు పత్తిలో ఇంకి, గదంతా పాల రంగులో ఉంది. మన మాట మనకే దూరంగా వినపడుతోంది. అన్న ఆ పత్తికి వీపు ఆనించి కూర్చున్నాడు.

"యాపారులు చానా తక్కువడుగుతన్నారే. స్లాబేసిన ఏడు గూడా ముందు తక్కువే అడిగారు, తరవాత ఎక్కింది. అమ్మాలా, ఆపాలా? నీకు తెలియకుండా ఉండదు. చెప్పవే."

నాకు తెలుసు. "రెండ్రోజుల్లో ఫోను చేస్తా అన్నా," అని లేచాను. తిరుగు బస్సులో మాచర్ల రోడ్డు పొడుగునా ఇళ్ళ అరుగుల మీద, డాబాల మీద తెల్లటి కుప్పలు. అందరూ ఆపుకునే కూర్చున్నారు.

పొద్దున్నే రంగనాయకులు గారి గదిలోకి వెళ్ళాను. "సార్, మా అన్న అడిగాడు. అబద్ధం చెప్పలేను. నిజం చెప్పటానికి మీరు ఒప్పుకోవాలి. కాదంటే నన్ను ఈ పని నుంచి తప్పించండి."

ఆయన అరచేతిలోని గుళ్ళ పొట్టు ఊదారు. "మీ అన్నకొక్కడికే చెబితే అది చాటు మాట," అన్నారు. "అందరికీ చెబితే కబురు. మిగతా మిల్లులకి తెలియనిదేముంది? తెలియనిది పండించినవాడికే. ఒకసారి దాచి చూశాం కదా రత్నం గారూ."

ఆ సాయంత్రమే గేటు మీద బోర్డు కట్టించారు. ఫిబ్రవరి దాటేదాకా ఈ మిల్లు ఇక్కడి పత్తి కొనదు, రైతులు మద్దతు ధరకి ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి వెళ్ళటం మంచిది అని. మా ఛైర్మన్ గారు ఫోనులో అరిచిన అరుపులు పక్క గదిలో నాకు వినపడ్డాయి. రంగనాయకులు గారు "అలాగే సార్, అలాగే సార్" అంటూనే ఉన్నారు. బోర్డు మాత్రం తీయించలేదు.

నమ్మినవాళ్ళు నమ్మారు. బెల్లంకొండ వైపునుంచి కొందరు ఆ వారమే కొనుగోలు కేంద్రానికి ట్రాక్టర్లు కట్టారు. కొందరు గేటు దగ్గర తిట్టిపోశారు. నేను అన్నకి ఫోను చేశాను.

"ఏమే, మిల్లోళ్ళు నీ చేత చెప్పిస్తన్నారా? ధర పడగొట్టటానికే బోర్డు పెట్టారని ఊరంతా అనుకుంటంది."

"అన్నా, నేను నీ చెల్లెల్ని."

"చెల్లెలివే. జీతం ఎవురిస్తన్నారు?"

ఫోను పెట్టేశాడు. ఆ మాటకి నాకు కోపం రాలేదు. ఆయన జాగాలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

తరవాత తుపాను ముసురు పట్టింది. రోజుల తరబడి ఎండ లేదు. గదిలో కుక్కిన పత్తి చెమ్మ పీల్చుకుని లోలోపల వేడెక్కింది. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని తిప్పి పంపారు. ఎండబెట్టి మళ్ళీ తీసుకెళితే రంగు పోయిందన్నారు. ఫిబ్రవరి దాటాక ఒక పొద్దున మా మిల్లులో గింజ తీసే జిన్నింగు షెడ్డు కాటా దగ్గర ట్రాక్టరు ఆగి ఉంది. తొట్టి పక్కన కండువా భుజాన వేసుకుని మా అన్న.

రంగనాయకులు గారు వచ్చి మెల్లగా, "ఇంకొకర్ని చూడమంటాను, మీరు లోపలికి వెళ్ళండి," అన్నారు.

అన్న విన్నాడు. "వద్దయ్యా. దాన్నే చూడమనండి. అది చెబితే ఇంకొకళ్ళని అడగను."

తొట్టెక్కి అడుగునుంచి, నడుమనుంచి గుప్పెళ్ళు తీశాను. లేత పసుపు. గింజ ముక్కిన వాసన. వేళ్ళతో లాగితే పింజ నిలబడకుండా పుటుక్కున తెగింది. ఆ చేను నాకు తెలుసు. దాని గట్ల మీద ఆడుకున్నాను. ఆ పత్తిని మూడో రకం అని నా నోటితో చెప్పాను. అన్న తల ఊపాడంతే.

క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. తింటూ ఆయన అన్నాడు: "ఆ బోర్డు నిజమే రాశారు కదే."

"నిజమే అన్నా."

"మనకి నిజం చెప్పే అలవాటు లేదు వాళ్ళకి. అందుకని నమ్మలా." అని మజ్జిగ పోసుకున్నాడు.

దీని మీద నాకు తోచింది చెబుతాను. సుంకం మంచిదా, చెడ్డదా అని నన్నడిగితే చెప్పలేను. వెయ్యటమైనా తియ్యటమైనా పంట మధ్యలో చేస్తే దెబ్బే. విత్తనం వేసేముందు చెబితే రైతు కంది వేసుకుంటాడు. ఆర్డరు ఒప్పుకునేముందు చెబితే మిల్లు ధర సరిచూసుకుంటుంది. మీరు ఏ కుర్చీలో కూర్చున్నా, తెలిసిన సంగతి అవతలి మనిషికి వేళకి తెలిసేలా చూడండి. ఒక్కసారి చెబితే నమ్మరు. ప్రతి ఏడూ చెప్పండి.

చివరి రోజు

నేను రిటైరైన రోజు క్యాంటీన్లో చిన్న సభ పెట్టారు. శాలువాలయ్యాక టీల వేళ. మా అన్న బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. షిఫ్టు మధ్యలో పది నిమిషాలు అడిగి వచ్చిన కోటేశ్వరమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ కలవలేదు. ఒకరి మంచి ఏడు ఇంకొకరి చెడ్డ ఏడని నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

"మా అన్నయ్య, దుర్గి దగ్గర పత్తి పండిస్తాడు," అని చెప్పాను. "కోటేశ్వరమ్మ, సన్న నూలు షెడ్డు."

అన్న ఆమె జుట్టులోని నూగు చూశాడు. "షెడ్డు నడుస్తందా అమ్మా?"

"మూడు షిఫ్టులూ నడుస్తంది అన్నా," అంది. అన్నాక ఏదో తట్టినట్టు గొంతు తగ్గించింది. "మరి మీ పత్తికి ధరొచ్చిందా?"

మూడు షిఫ్టులూ ఏ పత్తి మీద నడుస్తున్నాయో ఆయనకి తెలుసు. ఆమె కూడా అది తెలిసే అడిగిందని ఆయనకి అర్థమైంది.

"ఈ ఏడు రాలేదులేమ్మా," అన్నాడు. బెంచీ చివరికి జరిగి, పక్కన చేత్తో తుడిచి చోటు చేశాడు. "రా, కూర్చో. పొద్దుటినుంచి నిలబడే ఉంటావు."